ఇంటి పక్క కిరాణా కొట్లో కొనుగోలు



నెల మొదటి వారం వచ్చిందంటే మనందరి ఇళ్ళలోనూ జరిగే తంతు ఒక్కటే. జీతం చేతికి రావడమేమిటి, ఇంటి అద్దె, పాలు, పిల్లల ఫీజులు అంటూ దాన్ని ముక్కలు చెయ్యడమేమిటి! ఈ ముక్కల్లో అద్దెను మనం తగ్గించలేం. ఫీజు తగ్గించమంటే బడివారు వినరు. కరెంటు బిల్లుతో బేరం కుదరదు. ఇంటావిడ తెలివీ, ఓపికా పనిచేసేది సరుకుల పద్దు దగ్గరే. ఆ పద్దులో నెలకు నాలుగైదు వందలు మిగిలినా, సంవత్సరం తిరిగేసరికి అవి పిల్లవాడి పుస్తకాలవుతాయి, లేదా ఆపదలో మందులవుతాయి. అందుకని ఈవేళ మన వీధి చివరి కిరాణా కొట్టు గురించీ, అక్కడ తెలిసి కొనడం గురించీ మాట్లాడుకుందాం.

మాటకు ఆధారంగా యాప్రాల్‌ను తీసుకుంటాను. సికింద్రాబాదు ఊరే దండు కోసం పుట్టింది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఆ పేరు వచ్చింది. దండు ఉన్నచోట బజారు పుట్టడం సహజం. అల్వాల్, బొల్లారం, సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ల నడుమ ఉన్న యాప్రాల్ ఒకప్పుడు పల్లె. చుట్టూ సైన్యం స్థలాలు ఉండడం వల్ల, ఉద్యోగం చేసినవారు చేసినచోటే ఇళ్ళు కట్టుకోవడం వల్ల, ఇక్కడ అన్ని రాష్ట్రాలవారూ స్థిరపడ్డారు. పాతకాలపు తెలంగాణ కుటుంబాలున్నాయి, కోస్తానుంచి వచ్చినవారున్నారు, మలయాళీలు, తమిళులు, పంజాబీలు, బెంగాలీలు, ఈశాన్య రాష్ట్రాలవారు ఉన్నారు. కట్టడాల పనికి ఒడిశా, బీహారుల నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఇన్ని వంటిళ్ళకు సరిపడే సరుకు పది అడుగుల కొట్లో సర్దిపెట్టుకోవడం చిన్న విద్య కాదు సుమండీ! ఒక మూల సోనా మసూరి బస్తా, దాని పక్కనే ఎర్రని మట్ట బియ్యం. ఒక అరలో పల్లీ నూనె, ఇంకో అరలో ఆవనూనె, కొబ్బరినూనె, నువ్వులనూనె. పుట్టుకు పిండి అడిగేవారొకరు, ఇడ్లీ బియ్యం అడిగేవారొకరు, పదికిలోల గోధుమపిండి సంచీ ఎత్తుకుపోయేవారు మరొకరు.

ఇలాంటిచోట మొదట ఎదురయ్యేది ధర కాదు, మాట. ఒకే సరుకుకు ఎన్ని పేర్లో చూడండి. మనలో మనకే తేడాలు. ఒకరు పంచదార అంటే ఒకరు చక్కెర. ఒకరు వేరుశెనగపప్పు అంటే ఒకరు పల్లీలు. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఎల్లిగడ్డ, బంగాళాదుంప, ఆలుగడ్డ, వేయించిన శనగపప్పు, పుట్నాలు. ఉప్మాకు వాడే రవ్వను బొంబాయి రవ్వ అనేవారున్నారు, సూజీ అనేవారున్నారు.

ఇక ఇతర భాషలవారితో అయితే తమాషాలు ఇంకా ఎక్కువ. మలయాళంలో ఉలువ అంటే మెంతులు. ఒక మలయాళీ సోదరి ఉలువ కావాలని అడిగితే, పనికి కొత్తగా చేరిన కుర్రాడు అరకిలో ఉలవలు పొట్లం కట్టే ప్రమాదం ఉంది. హిందీవారు రాయీ అంటే ఆవాలు. మనకు రాయి అంటే పంటికింద పడేది. తమిళులకు కడుగు అంటే ఆవాలు. మనం కడుగు అంటే గిన్నె చూపిస్తాం. అదే తమిళంలో అవల్ అంటే అటుకులు, మన చెవికి అది ఆవాలులాగే వినిపిస్తుంది. కందిపప్పు హిందీలో తూర్ లేక అర్హర్, తమిళంలో తువరం పరుప్పు. ఇంగువ హిందీలో హింగ్, తమిళంలో పెరుంగాయం, మలయాళంలో కాయం.

ఇదంతా నవ్వుకోవడానికి చెప్పడంలేదు. భర్త దూరాన సరిహద్దులో ఉండి, భాషరాని ఊళ్ళో చంటిబిడ్డతో కాపురం చేస్తున్న అమ్మాయికి పెద్ద దుకాణంలో అరలవెంట తిరిగి చీటీలు చదువుకోవడంకన్నా, డబ్బామూత తీసి గింజ చూపించి, ‘ఇదేనా భాభీ?’ అని అడిగే కొట్టే ఆసరా. తెలియని మాటకు వేలు చూపించినా చాలు. ఆ అమ్మాయి పక్కన మీరు నిలబడి ఉంటే, రెండు సరుకుల పేర్లు చెప్పి పెట్టండి. మీకు పోయేదేమీ లేదు. రేపు ఆమెనుంచి మీరు నేర్చుకునేదీ ఉంటుంది. అదేమిటో తరవాత చెబుతాను.

ఇక ధర సంగతికి వద్దాం. చిన్న కొట్టు ఖరీదు, పెద్ద దుకాణం చవక అని చాలామంది అనుకుంటారు. అలా అన్నిటికీ చెప్పలేం. పెద్ద దుకాణం కంపెనీ దగ్గర ఒక్కసారి లారీలకొద్దీ కొంటుంది కాబట్టి సబ్బులు, పొడులు, బిస్కెట్లలాంటి కంపెనీ సరుకు మీద కొంత తగ్గించి ఇవ్వగలుగుతుంది. మన కొట్టువాడు బేగంబజారుకో, దగ్గరి టోకు వ్యాపారి దగ్గరికో వెళ్ళి నాలుగు బస్తాలు తెచ్చుకుంటాడు. కాని అతనికి ఏసీ ఖర్చు లేదు, పెద్ద అద్దె లేదు, ఇంటిల్లిపాదీ పనిచేస్తారు. కాబట్టి పప్పులు, బియ్యం, రవ్వ, బెల్లం, చింతపండులాంటి విడి సరుకు చాలాసార్లు అతని దగ్గరే నయంగా ఉంటుంది. పైగా మీకు యాభై గ్రాముల ధనియాలే కావాలంటే యాభై గ్రాములే ఇస్తాడు. పెద్ద దుకాణంలో అవసరం లేనివి నాలుగు బుట్టలో పడతాయి. బుట్ట చేతికిచ్చి కొనేవారినే సరుకు తీసుకోమనే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పెట్టిన ‘పిగ్లీ విగ్లీ’ దుకాణంతో ప్రచారంలోకి వచ్చింది. పనివాళ్ళ ఖర్చు తగ్గింది, నిజమే. కాని కళ్ళెదుట కనిపించినదల్లా చేతికి అందడం వల్ల కొనేవారి కొనుగోలూ పెరిగింది. ఆ కిటుకు ఈనాటికీ పనిచేస్తూనే ఉంది.

పన్ను సంగతి కూడా మనం తెలుసుకోవాలి. 2022 జూలై 18 నుంచి, తూచి సంచుల్లో కట్టి వివరాలు అచ్చువేసి అమ్మే బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీ.ఎస్.టీ. పడింది. అదే సరుకు విడిగా తూచి ఇస్తే పన్ను లేదు. ఈ పన్ను 25 కిలోలవరకు ఉన్న సంచులకే. ఇప్పుడు మీకో సందేహం తీరిపోతుంది. మన ఊళ్ళో బియ్యం బస్తాలు చాలాచోట్ల 26 కిలోలు ఎందుకుంటున్నాయి అని ఎప్పుడైనా అనుకున్నారా? కారణం ఇదే. కాబట్టి బస్తా ధర అడిగి ఊరుకోకండి. బస్తా ఎన్ని కిలోలో చూసి, కిలో ఎంత పడిందో లెక్క కట్టండి.

లెక్క అనగానే నూనె ప్యాకెట్ల మాట చెప్పాలి. లీటరు నూనె లీటరు నీళ్ళంత బరువుండదు. సుమారు 910 గ్రాములుంటుంది. ఇదివరకు కొన్ని సరుకులను ఫలానా తూకాల్లోనే ప్యాక్ చెయ్యాలన్న నియమం ఉండేది. దాన్ని తీసివేశాక 850 గ్రాములు, 800 గ్రాములు అంటూ రకరకాలు వచ్చాయి. చూడడానికి అన్నీ ఒకే సైజులో ఉంటాయి. ఒక ప్యాకెట్టు 910 గ్రాములు 150 రూపాయలు, పక్కది 850 గ్రాములు 145 రూపాయలు అనుకోండి. ఐదు రూపాయలు కలిసివచ్చిందని రెండోది తీసుకుంటాం. కాని కిలోకు లెక్క కడితే మొదటిది సుమారు 165 రూపాయలు, రెండోది సుమారు 171. అంటే చవక అనుకున్నదే ఖరీదు! ఇప్పుడు ప్యాకెట్టుమీద గ్రాముకు ఎంత, లేదా కిలోకు ఎంత అన్నది కూడా వెయ్యాలని నియమం ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, అయినా వెతికి చూడండి. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ లాభం అనుకోవడం కూడా పొరపాటే. షాంపూలాంటి వాటిలో చిన్న సాషేలే ఎన్నోసార్లు సీసాకన్నా చవక పడతాయి. కాఫీపొడి కొనేటప్పుడు మాత్రం చికోరీ ఎంత శాతమో చూడండి. సగానికి దగ్గరగా చికోరీ ఉన్న పొడి చవకగానే వస్తుంది, కాని మీరు కొన్నది కాఫీ ఎంతో ఆలోచించండి.

ప్యాకెట్టుమీద చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. గరిష్ఠ చిల్లర ధర అంటే పన్నులన్నీ కలిపిన ధర. దానికంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ అడగకూడదు, తక్కువకు ఇవ్వవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టినందుకు అని పైన వసూలు చేసినా తప్పే. తయారైన తేదీ, ఎంతకాలం వాడవచ్చునో ఉండాలి. తినే వస్తువుల మీద ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ధరమీద ఇంకో ధర చీటీ అంటించి ఉంటే గోటితో గీకి చూడడంలో తప్పేమీ లేదు.

విడి సరుకులో చూడవలసింది తూకం, శుభ్రం. పూర్వం వీశెలు, పలాలు, సేర్లు ఉండేవి. 1956లో చేసిన చట్టంతో కిలోలు, గ్రాములు వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి తూనికలు, కొలతల చట్టం. దీని ప్రకారం రాళ్ళు, మామూలు త్రాసులు రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలు ఏడాదికోసారి అధికారులచేత పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. మనం చెయ్యవలసింది చిన్నపని. సరుకు పెట్టకముందు కాటా మీద సున్నా ఉందా అని చూడాలి. డబ్బాలోనో గిన్నెలోనో తూస్తే ముందు ఖాళీ డబ్బా పెట్టి సున్నా చెయ్యమనాలి. మిఠాయి కొట్లో అట్టపెట్టెను కూడా మిఠాయి ధరకు తూచే అలవాటు ఉంది. అది కుదరదని నెమ్మదిగా చెప్పాలి. కాటా మనవైపు తిరిగి ఉండాలి. ఈ మాటలు తగాదాగా అడగనక్కరలేదు. ‘అన్నా, కాటా ఒకసారి ఇటు తిప్పు’ అంటే నిజాయితీపరుడు వెంటనే తిప్పుతాడు. తిప్పనివాడి కొట్టు మార్చెయ్యండి.

కల్తీ విషయంలో ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలున్నాయి. గ్లాసు నీళ్ళలో మిరియాలు వెయ్యండి. మంచివి మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి. నీళ్ళమీద కారం చల్లితే ఇటుకపొడి ఉన్నది తొందరగా అడుగుకు దిగుతుంది. రంగు కలిపినది చారలు చారలుగా రంగు వదులుతుంది. పసుపు నీళ్ళలో వేస్తే మంచి పసుపు కిందకు దిగి నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. చిక్కని రంగు తేలితే అనుమానించాలి. కొబ్బరినూనె ఫ్రిజ్‌లో పెడితే మొత్తం గడ్డకట్టాలి. వేరే నూనె కలిస్తే విడిగా పొరగా నిలుస్తుంది. కందిపప్పులో కేసరి పప్పు కలపడం ఉంది. అది ఒకపక్క వాలుగా, నలుపలకలుగా ఉంటుంది. ఎక్కువకాలం తింటే కాళ్ళు పడిపోయే జబ్బు తెస్తుంది. ఆవనూనె వాడే ఇళ్ళవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, ఒళ్ళంతా నీరుపట్టి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. కాబట్టి నూనె మాత్రం సీలు ఉన్న ప్యాకెట్టులోనే తీసుకోండి. ‘చవకగా వస్తోంది, డబ్బాలోంచి పోసి ఇస్తాను’ అంటే ఆశపడకండి. చవక అన్నిచోట్లా లాభం కాదు.

ఇక కాలాన్నిబట్టి కొనడం. మన పెద్దవాళ్ళు ఏడాది సరుకు ఊరికే వేసుకోలేదు. వానాకాలం పంట నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తుంది. ఆ తరవాత రెండు నెలలు కొత్త బియ్యం ధర మెత్తబడుతుంది. కొత్త బియ్యం ముద్దవుతాయి, పాతవి ఒదుగుతాయి. కాబట్టి అప్పుడు కొని ఆరునెలలు ఆగి వాడుకునేవారికి లాభం. సంక్రాంతి దాటాక కొత్త కందిపప్పు వస్తుంది. శివరాత్రి, ఉగాదుల మధ్య కొత్త చింతపండు, ఎండుమిర్చి వస్తాయి. అపార్టుమెంటులో చోటు లేదంటారా? ఏడాదికి వద్దు, మూడు నెలలకు వేసుకోండి. పురుగు పట్టకుండా ఎండబెట్టి, ఎండిన వేపాకు వెయ్యండి. కందిపప్పుకు కాస్త ఆముదం పట్టించండి. రవ్వ వేయించి పెట్టుకోండి. గోదాముల్లో వాడే విషపు గోళీలు మాత్రం ఇంట్లో బియ్యంలో వెయ్యవద్దు. ఆ గాలి మనుషుల ప్రాణం తీస్తుంది. షుగరు ఉన్నవారి ఇంట్లో ‘తెలంగాణ సోనా’ రకం గురించి అడగండి. ఇది మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన సన్నరకం. రక్తంలో చక్కెరను మిగతా సన్నబియ్యం అంత తొందరగా పెంచదని పేరు తెచ్చుకుంది. అలాగని ఎంతైనా తినవచ్చని కాదు.

ధరలు మన చేతిలో లేని సమయాలు కూడా వస్తాయి. 2015లో కందిపప్పు కిలో రెండు వందల దాకా ఎగబాకడం మీకు గుర్తుండే ఉంటుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె, ఇండోనేషియా ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఎగుమతులు ఆపడంతో పామాయిలు మండిపోయాయి. ఎక్కడో సముద్రాల అవతల జరిగినది మన బాణలి దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు కొట్టువాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. మనం మారాలి. ఇందాక చెబుతానన్న మాట ఇదే. ఇరుగుపొరుగు వంటలు నేర్చుకున్న ఇంటికి ధరల దెబ్బ తక్కువ తగులుతుంది. కందిపప్పు పిరమైతే కేరళవారిలాగా పెసరపప్పులో కొబ్బరి నూరి వేసి వండవచ్చు. బెంగాలీలు ఎర్ర కందిపప్పు, అదే మసూర్ పప్పు, చక్కగా వండుతారు. అది తొందరగా ఉడుకుతుంది, గ్యాసూ కలిసివస్తుంది. పంజాబీలు రాజ్మాతో, శనగలతో ఒక పూట గడిపేస్తారు. మన పాత జొన్నరొట్టె, ఉలవచారు ఎక్కడికి పోయాయి? ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తేగాని మనకు జొన్నలు, రాగులు గుర్తు రాలేదు! నూనెలు కూడా ఒక్కదాన్నే పట్టుకోకుండా మార్చి మార్చి, మితంగా వాడమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు చెబుతూనే ఉన్నారు. ఆరోగ్యం, ఆదా రెండూ ఒకే దారిలో ఉన్నాయన్నమాట.

అన్నీ ఒకేచోట కొనాలన్న నియమం పెట్టుకోకండి. కూరగాయలకు అల్వాల్ రైతుబజారు ఉంది. ఈ రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. ఆనాటి ధరలు బోర్డుమీద రాసిపెడతారు. అక్కడ కొనకపోయినా, ఆ ధరలు తెలిసి ఉంటే బండివాడి దగ్గర బేరం తెలుస్తుంది. రేషన్ కార్డున్నవారికి 2025 ఉగాది నుంచి మన రాష్ట్రంలో మనిషికి ఆరుకిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నామోషీ అనుకోకుండా తెచ్చుకుని వండుకోండి. సైనిక కుటుంబాలకు కాంటీన్ ఉంది. ఆ సౌకర్యం వారి సేవకు ఇచ్చినది. వారి కార్డుమీద మనకు తెచ్చిపెట్టమని ఇబ్బంది పెట్టకండి. అక్కడి సరుకు బయట అమ్మడం నిబంధనలకు విరుద్ధం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, ఖాతా. పెద్ద దుకాణంలో లేనిదీ, ఇంటి పక్క కొట్లో ఉండేదీ ఇదే. నెలాఖరున చేతిలో పైసా లేనప్పుడు, పిల్లవాడికి జ్వరమొచ్చి డబ్బంతా మందులకు పోయినప్పుడు, కూలిపని వారంరోజులు దొరకనప్పుడు, ‘రాసుకో అన్నా’ అంటే పొయ్యి వెలుగుతుంది. తాకట్టు లేదు, సంతకం లేదు, ముఖం చూసి ఇచ్చే అప్పు అది. దీన్ని తక్కువ చెయ్యకూడదు.

కాని ఇదే ఖాతా మెడకు ఉరితాడు కూడా కాగలదు. అప్పు ఉన్నవాడు ధర అడగలేడు, తూకం చూడలేడు, కొట్టు మార్చలేడు. ‘పప్పులో పుచ్చులున్నాయి’ అని చెప్పడానికి నోరు రాదు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే మిల్లు ఊరు ఉంది. అక్కడి కూలీలు ఇలాగే కొట్లవారి అప్పులో పడి, కల్తీ పిండి, తక్కువ తూకం నోరుమూసుకుని తీసుకునేవారు. 1844 డిసెంబరు 21న, నేతగాళ్ళు తదితరులు 28మంది కలిసి, కొద్దికొద్దిగా కూడబెట్టిన డబ్బుతో తామే ఒక చిన్న కొట్టు తెరిచారు. మొదటిరోజు వాళ్ళ దగ్గరున్నది వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓటుపిండి, కొవ్వొత్తులు, అంతే. వాళ్ళు పెట్టుకున్న నియమాలు మూడు గుర్తుంచుకోండి: స్వచ్ఛమైన సరుకు, పూర్తి తూకం, రొక్కం బేరం. ప్రపంచమంతటా వ్యాపించిన సహకార సంఘాలకు ఆ కొట్టే మార్గదర్శి అయింది. అప్పు వద్దని వాళ్ళు ఎందుకన్నారంటే, అప్పు లేనివాడికే ప్రశ్నించే నోరు ఉంటుందని అనుభవంమీద తెలుసుకున్నారు కనక. మనవాళ్ళూ అన్నారు కదా, అప్పు లేనివాడే అధిక సంపన్నుడని!

అయితే ఖాతా పూర్తిగా మానెయ్యమని నేను చెప్పలేను. రోజుకూలీ ఇంటావిడకు ఆ మాట చెప్పే అర్హత నెలజీతం ఇంటివారికి లేదు. చెప్పగలిగింది ఒక్కటే, ఖాతాను మన అదుపులో ఉంచుకోవడం. కొట్టువాడి పుస్తకంలో రాసినదే మీ ఇంట్లో ఒక నోటుబుక్కులో అదే రోజు రాసుకోండి: తేదీ, సరుకు, తూకం, ధర. పిల్లవాణ్ణి పంపి తెప్పించినా రాయండి. నెలకు ఇంత అని గీత గీసుకుని దాన్ని దాటకండి. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఎన్నడూ ఖాతాలో పెట్టవద్దు. బియ్యం, పప్పు, నూనెకే అప్పు. జీతం రాగానే మొదట ఆ బాకీ తీర్చి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుని కొట్టించెయ్యండి. ఫోనులో డబ్బు పంపినా, ‘ముట్టింది’ అని ఆ పుస్తకంలో రాయించుకోండి. చదువురాని పక్కింటావిడ ఉంటే ఆవిడ లెక్క కూడా మీరే రాసిపెట్టండి. నెలకు పది నిమిషాల పని, ఆవిడకు మాత్రం కొండంత ధైర్యం.

కలిగినవాళ్ళం మనం ఇంకో మాట ఆలోచించాలి. ఇప్పుడు ఫోను నొక్కితే పది నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి వస్తోంది. వృద్ధులకు, ఒంట్లో బాగాలేనివారికి అది మేలే. కాని బిల్లులో సరుకు ధరతోపాటు డెలివరీకి, ఇంకా వేరే పేర్లతో కలిపినవి చూసుకోండి. మనం అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివరిదాకా అసలు ధర దాచడంలాంటి జిత్తులను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించింది. అంతకంటే ముఖ్యం, రొక్కమిచ్చి కొనేవాళ్ళమంతా అటు పోతే, కొట్టువాడికి మిగిలేది ఖాతా ఇళ్ళే. రొక్కం రాకపోతే అతను టోకు వ్యాపారికి ఏం కడతాడు? కొన్నాళ్ళకు షట్టరు దించేస్తాడు. ఆనాడు మనకొచ్చే కష్టం పెద్దది కాదు. మనకు ఫోను ఉంది, బండి ఉంది. కష్టం ఆ కూలి ఇంటావిడకు, ఆ భాషరాని చంటిబిడ్డతల్లికి. మన రొక్కమే వాళ్ళ ఖాతాను నిలబెడుతోందని గుర్తుంచుకుంటే చాలు. దానధర్మాల కింద ఎక్కువ ధర ఇవ్వమని అనడంలేదు. ధర, తూకం సరిగా ఉన్నప్పుడు నెల సరుకులో కొంతభాగం అక్కడే కొనమంటున్నాను.

మోసం జరిగితే ఊరుకోవద్దు. ముందు కొట్టువాడితోనే చెప్పండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే బిల్లు పట్టుకుని 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు ఫోను చెయ్యండి. తెలుగులో కూడా చెప్పుకోవచ్చు. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. ఇప్పుడు మనం ఉంటున్న ఊళ్ళోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. బిల్లు లేకపోతే మాత్రం మాటకు బలం ఉండదు. కాగితం ముక్కమీద రాసినదైనా సరే, తేదీతో అడిగి తీసుకోండి.

ఇక వెళ్ళేముందు మూడు పనులు అలవాటు చేసుకోండి. డబ్బాలు తెరిచి చూసి, లేనివే చీటీ మీద రాయండి. గుడ్డసంచీ మరిచిపోకండి, పల్చటి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉన్న సంగతి మీకు తెలుసు. ఆకలిమీద కొట్టుకు వెళ్ళకండి. ఆకలి కంటికి అన్నీ అవసరంగానే కనిపిస్తాయి.

ఇంటి సరుకు తేవడం చిన్నపని అని ఇంట్లోవాళ్ళు అనవచ్చు. ధర చూసి, తూకం చూసి, నాణ్యం చూసి, అప్పు అదుపులో పెట్టి, నాలుగు రాష్ట్రాల వంట నేర్చుకుని నెల గడిపే మనిషి చేసేది చిన్నపని ఎలా అవుతుంది? ఈ నెల చీటీ రాసేటప్పుడు నోటుబుక్కు ఒకటి పక్కన పెట్టుకోండి. మొదటి పేజీలో నూనె ఎన్ని గ్రాములు, కిలో ఎంత పడిందో రాయండి. మిగతా లెక్క దానంతట అదే అలవాటవుతుంది. సెలవు.